కోటి కోట్లలో ఒక తప్పు

మా నాన్నది ఫోటో స్టూడియో. నరసరావుపేటలో పాతికేళ్లకు పైగా అదే గది, అదే బోర్డు. వెనక గోడకి వేలాడే తెర మాత్రం నాలుగైదు సార్లు మారింది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, స్కూలు గ్రూప్ ఫోటోలు... మా ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో ఒక తరం మొత్తం ఆయన కెమెరా ముందు నిలబడింది. నేను ఇంజినీరింగ్ పూర్తి చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక, "మావాడికి కంప్యూటర్లలో తెలీనిది లేదు" అని స్టూడియోకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. ఆ మాట నిజం కాదని నాకు తెలిసొచ్చింది 2023 జూన్‌లో.

దానికి ముందు 2021 సంగతి చెప్పాలి. కరోనా రెండో వేవ్. నేను ఇంటి నుంచే పని చేస్తున్నా. స్టూడియో షట్టర్ సగం దించే ఉండేది. అయినా మనుషులు వచ్చేవాళ్లు. షట్టర్ కింద వంగి, మాస్కు సర్దుకుంటూ, "అన్నయ్యా, మా ఆయన ఫోటో ఏదైనా ఉంటుందా నీ దగ్గర?" అని అడిగేవాళ్లు. పటం కట్టించడానికి.

అప్పుడు నాకు అర్థమైన విషయం ఏంటంటే, చాలామందికి విడిగా దిగిన మంచి ఫోటో ఒక్కటి కూడా ఉండదు. ఆధార్ కార్డు మీది తప్ప. నాన్న ఆలోచించి, "ఆయన ఫలానావాళ్ల పెళ్లిలో వడ్డన దగ్గరున్నాడమ్మా, చూద్దాం ఉండు" అనేవాడు. బీరువాలోంచి ఒక హార్డ్ డిస్క్ తీసి, వేల ఫోటోలు వెనక్కీ ముందుకీ జరిపి, సాంబారు బకెట్ పట్టుకుని నవ్వుతున్న మనిషిని పట్టుకునేవాడు. ముఖం వరకూ కత్తిరించి, వెనకాల లేత నీలం రంగు వేసి ప్రింట్ తీసేవాడు. ఆ రెండు నెలల్లో అలాంటివి ఎన్ని తీశాడో లెక్కలేదు. చాలావాటికి డబ్బులు కూడా తీసుకోలేదు.

ఆ బీరువాలో 11 ఎక్స్‌టర్నల్ డిస్కులు, మూడు వందల దాకా డీవీడీలు ఉండేవి. కొన్ని డిస్కులు పెడితే టకటకమని శబ్దం వచ్చేది. కొన్ని డీవీడీలు అసలు తెరుచుకునేవి కావు. 2022 సంక్రాంతి సెలవుల్లో నేను పూనుకున్నా. పాత కంప్యూటర్ ఒకటి తీసుకుని, నాలుగు 4 టీబీ హార్డ్ డిస్కులు కొని, లైనక్స్ వేసి, మియాపూర్‌లో నా ఫ్లాట్‌లో ఒక సర్వర్ పెట్టాను. బీరువాలో తెరుచుకున్నవన్నీ అందులోకి ఎక్కించాను. మొత్తం 5 టీబీ. నాన్న ఊళ్లో కూర్చుని ఇంటర్నెట్‌లో ఏ పెళ్లి ఫోటోలైనా తెరిచి చూసుకోవచ్చు.

"ఇందులో పెడితే పోవు కదరా?" అని అడిగాడు.

"ఒక డిస్క్ మొత్తం చచ్చిపోయినా ఏం కాదు నాన్నా" అన్నాను ధీమాగా.

అంతటితో ఊరుకోలేదు నేను. పాత డిస్కుల్లో బాగున్నవి ఫార్మాట్ చేసి కొత్త షూటింగులకి వాడుకోమన్నాను. డీవీడీలు గోనెసంచిలో కట్టి పాత సామాన్ల బండికి వేశాం. అంటే ఆ సర్వర్‌లో ఉన్నదే ఇక ఒకే ఒక్క కాపీ.

ఒక డిస్క్ పోయినా ఏం కాదని ఎందుకన్నానో చెప్తాను. మూడు అంకెలు అనుకోండి: 7, 4, 9. నాలుగోచోట వాటి మొత్తం 20 రాసిపెట్టాం. 4 చెరిగిపోయిందనుకోండి, 20లోంచి 7, 9 తీసేస్తే మళ్లీ 4 దొరుకుతుంది. రెయిడ్ 5 అనే పద్ధతి దాదాపు ఇదే. నాలుగు డిస్కుల్లో మూడింటికి సరిపడా డేటా, ఒకదానికి సరిపడా ఈ 'మొత్తం'. దీన్ని పారిటీ అంటారు. 1988లో బర్క్‌లీలో ప్యాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రాసిన పేపర్‌తో ఈ రెయిడ్ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను, పది మార్కులకి ఎనిమిదో తొమ్మిదో వచ్చాయి కూడా.

2023 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున సర్వర్ నుంచి మెయిల్ వచ్చింది. నాలుగు డిస్కుల్లో ఒకటి పోయింది. కంగారు పడలేదు. ఇలాంటి రోజు కోసమే కదా ఈ ఏర్పాటు! కొత్త డిస్క్ ఆర్డర్ పెట్టాను. అది వచ్చేలోగా ఊరికే ఉండలేక డిస్క్ స్పెసిఫికేషన్ షీట్ తెరిచాను. మామూలుగా ఎవరూ చదవని కాగితం అది. అందులో కింద ఎక్కడో ఒక లైన్: నాన్ రికవరబుల్ రీడ్ ఎర్రర్స్. దాని పక్కన, 10 టు ద పవర్ 14 బిట్లకి 1.

ఒకటి పక్కన 14 సున్నాలు. మన లెక్కలో కోటి కోట్లు. కోటి కోట్ల బిట్లు చదివితే ఒక్కటి చదవలేకపోవచ్చు అని. వినడానికి ఎంత బాగుంది! కానీ ఎనిమిది బిట్లు ఒక బైటు. 8తో భాగిస్తే కోటి కోట్ల బిట్లు అంటే 12.5 టీబీ. అంతే.

కొత్త డిస్క్ పెట్టాక దాన్ని నింపాలంటే మిగిలిన మూడు డిస్కులనీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. డేటా 5 టీబీయే ఉన్నా సరే, నా సర్వర్‌లో ఉన్న పద్ధతికి ఖాళీ ఏదో నిండింది ఏదో తెలీదు, మొత్తం చదువుతుంది. మూడు నాలుగులు పన్నెండు. 12.5 టీబీకి ఒక తప్పు వస్తుందట, నేను చదవాల్సింది 12 టీబీ. ఆ సమయంలో పారిటీ ఆసరా కూడా ఉండదు. పై లెక్కలో 4 ముందే చెరిగిపోయింది, ఇప్పుడు 9 కూడా కనిపించకపోతే 20 ఉండి ఏం లాభం?

కాగితం మీద లెక్క వేశాను. ప్రతి బిట్‌నీ విడివిడిగా నాణెం ఎగరేసినట్టు అనుకుంటే, ఒక్క తప్పూ లేకుండా గట్టెక్కే అవకాశం 38 శాతం. మునిగేది 62 శాతం. ఇంకొంచెం వెతికితే, రాబిన్ హారిస్ అనే టెక్నాలజీ రచయిత 2007లోనే ఇదే లెక్కతో రెయిడ్ 5 పద్ధతి 2009కల్లా పనికిరాకుండా పోతుందని రాసినట్టు కనిపించింది. సర్వర్ ఆపేశాను. తాకితే ఏమవుతుందోనని పవర్ ప్లగ్ కూడా పీకేశాను.

మంగళవారం నాన్న ఫోన్ చేశాడు. "ఒరే, మన వీధి చివర టీ కొట్టాయన పోయాడురా. పెద్దకర్మకి పటం కావాలంట. వాళ్ల అన్న కూతురి పెళ్లి మనమే తీశాం, 2014లో. అందులో ఉంటాడు. నాకు తెరుచుకోవట్లేదేంటి?"

"సర్వర్‌లో అప్‌డేట్ జరుగుతోంది నాన్నా. రెండు రోజుల్లో అయిపోద్ది" అన్నాను. ఆయనతో నేను ఆడిన అబద్ధాల్లో ఇది చాలా కాలం గుర్తుండిపోయేది. కొత్త డిస్క్ బుధవారం వచ్చింది. డబ్బా కూడా విప్పలేదు. ఆ టీ కొట్టాయన దగ్గర చిన్నప్పుడు నేను అప్పు పెట్టి తిన్న ఉస్మానియా బిస్కెట్లు గుర్తొస్తూనే ఉన్నాయి.

గురువారం ఆఫీసులో నా పక్క టీమ్ సీనియర్‌కి చెప్పాను. ఇంట్లో తనకీ నాలుగు డిస్కుల సర్వర్ ఉందని తెలుసు. టీ తాగుతూ అంతా విని, "మూడు ప్రశ్నలు అడుగుతా, చెప్పు" అన్నాడు.

"ఆ షీట్‌లో సంఖ్య ముందు ఏదైనా గుర్తుందా?"

ఫోన్‌లో తెరిచి చూశాను. ఉంది. 'కంటే తక్కువ' అనే గుర్తు. నాలుగు రోజులుగా ఆ లైన్ చూస్తున్నా, ఆ చిన్న గుర్తు నా కంటికి ఆనలేదు.

"డిస్కులన్నీ బాగున్నప్పుడు ఎప్పుడైనా మొత్తం చదివించి చూశావా? స్క్రబ్ అంటారు చూడు, అది."

లేదు. పదిహేడు నెలల్లో ఒక్కసారి కూడా లేదు. దానంతట అదే నడిచే ఏర్పాటు ఉంటే, రాత్రిపూట శబ్దం వస్తోందని నేనే ఆపేశాను.

"రెండో కాపీ ఎక్కడుంది?"

దీనికి నేను జవాబు చెప్పలేదు. పాత సామాన్ల బండి కళ్ల ముందు కదిలింది.

"అయితే నువ్వు భయపడాల్సింది మొదటి ప్రశ్నకి కాదన్నా. మిగతా రెండిటికీ" అన్నాడు. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. చిన్నవాళ్లనీ 'అన్నా' అనడం ఆయన అలవాటు.

ఆ సాయంత్రం ఆయన చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నా. ఇంట్లో ఇలాంటి సర్వర్ పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుంది.

మొదటిది, ఆ సంఖ్య సగటు కాదు. ఇంతకు మించి తప్పులు రావు అని కంపెనీ గీసిన గీత. బస్సు మీద 'గరిష్ఠ వేగం 80' అని రాస్తే ఆ బస్సు ఎప్పుడూ 80లోనే పోతోందని కాదు కదా. షీట్లలో చూడండి, ఒక రకం డిస్కులకి 14 సున్నాలు, ఖరీదైన వాటికి 15 సున్నాలు. ఏ మోడలైనా దాదాపు ఈ రెండు మూడు గుండ్రటి సంఖ్యలే. నిజంగా కొలిచి రాసినవైతే ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉండేవి.

ఇది మాటల వాదన కాదు, ఆయన దగ్గర లెక్క ఉంది. నాలుగు డిస్కులు కలిపి 16 టీబీ, నెలకోసారి చొప్పున మూడేళ్లు మొత్తం చదివించాడు. 576 టీబీ. 12.5 టీబీకి ఒక తప్పు అన్నది నిజంగా సగటైతే ఈపాటికి 46 తప్పులు రావాలి. ఆయనకి వచ్చినవి సున్నా.

రెండోది, తప్పులు నాణెం ఎగరేసినట్టు అన్ని డిస్కులకీ సమానంగా పంచినట్టు రావు. అసలు హార్డ్ డిస్క్ ప్రతి చిన్న ముక్కతో పాటు, దాన్ని సరిదిద్దుకోవడానికి కొంత అదనపు సమాచారం కూడా రాసుకుంటుంది. చదివేటప్పుడు చిన్నచిన్న తేడాలు వస్తూనే ఉంటాయి, అది తనలో తనే దిద్దుకుంటూ పోతుంది. మనకి తెలీను కూడా తెలీదు. దిద్దుకోలేనంత పాడైతేనే, మళ్లీ మళ్లీ చదివి చూసి, ఇక నావల్ల కాదని చేతులెత్తేస్తుంది. షీట్‌లో చెప్పేది ఈ చేతులెత్తేయడం గురించి. ఇది ఎక్కువగా ఏదో ఒక బలహీనమైన డిస్క్‌లో, అందులోనూ పక్కపక్క చోట్ల జరుగుతుంది. 2007లో 15 లక్షలకు పైగా డిస్కులని 32 నెలల పాటు గమనించిన ఒక పరిశోధనలో, ఇలా చదవలేని చోట్లు కనిపించింది 3.45 శాతం డిస్కుల్లోనే. మిగతా వాటిలో ఒక్కటీ లేదు.

ఇలా పొరపాటుగా చదివే సంఖ్య ఇంకొకటుంది. సగటున 10 లక్షల గంటలకి ఒకసారి చెడిపోతుంది అని రాస్తారు. 10 లక్షల గంటలు అంటే 114 ఏళ్లు. అంటే మనవడి దాకా వస్తుందని కాదు. వెయ్యి డిస్కులు ఏడాది నడిస్తే ఎనిమిదో తొమ్మిదో పోవచ్చని దాని అర్థం. అది కూడా కాగితం మీద. 2007లోనే ష్రోడర్, గిబ్సన్ అనే కార్నెగీ మెలన్ పరిశోధకులు లక్ష దాకా డిస్కుల రికార్డులు తీసి చూస్తే, ఏడాదికి 2 నుంచి 4 శాతం దాకా మార్చాల్సి రావడం మామూలే అని తేలింది. గమ్మత్తేంటంటే, ఒక సంఖ్య చూసి మనం ఉత్తినే భయపడతాం, ఇంకో సంఖ్య చూసి ఉత్తినే ధైర్యం తెచ్చుకుంటాం. నేను రెండూ చేశాను.

"మరి రీబిల్డ్ మొదలుపెట్టమంటావా అన్నా?" అని అడిగాను.

"పెట్టకు. ముందు నీ దగ్గరున్నది బయటికి తీసుకో. మొత్తం 12 టీబీ చదవడం ఎందుకు, నీకు కావాల్సింది 5 టీబీయేగా. ముఖ్యమైనవి ముందు."

ఆ రాత్రి వెళ్తూ వెళ్తూ రెండు 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులు కొన్నాను. సర్వర్ ఆన్ చేసి, అందులో ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే తెరిచాను. మొట్టమొదట 2014 పెళ్లి. టీ కొట్టాయన కనిపించాడు. తెల్లచొక్కా, భుజం మీద తువ్వాలు, పెళ్లికొడుకు పక్కన కాస్త బిడియంగా. రాత్రి పదకొండున్నరకి నాన్నకి వాట్సాప్‌లో పంపిస్తే, "దొరికాడు" అని ఒక్క మాట రాశాడు. ఆయన కూడా మేలుకునే ఉన్నాడన్న మాట.

మిగతా కాపీ శుక్రవారం రాత్రి దాకా నడిచింది. అంతా సవ్యంగా పోయింది, ఒక్కటి తప్ప. 2011 నాటి ఒక పెళ్లి వీడియో దగ్గర ఆగిపోయింది. ఎర్రర్. మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే. రెండో డిస్క్ తన రిపోర్టులో చదవలేని చోటు ఒకటుందని చూపిస్తోంది.

కోటి కోట్లలో ఒకటి నా ఇంటికే వచ్చిందా అనిపించింది. సీనియర్‌కి ఫోన్ చేసి, "చూశావా, నా 62 శాతమే నిజమైంది" అన్నాను. ఆయన నవ్వాడు. "ఇవాళ చదివినందుకు వచ్చిందా అది? ఎన్నాళ్ల నుంచి అక్కడుందో నీకు తెలుసా?"

తెలీదు. అదే అసలు విషయం. 2022 జనవరిలో రాసిన ఆ ఫైల్‌ని ఆ తర్వాత ఎవరూ తెరవలేదు. ఆ చోటు ఏడాది కిందటే పాడై ఉండొచ్చు. నాలుగు డిస్కులూ బతికుండగా నేను నెలకోసారి మొత్తం చదివించి ఉంటే అప్పుడే దొరికేది. దొరికితే 20లోంచి 7, 4 తీసేసి ఆ 9ని మళ్లీ రాసేసేది. డిస్క్ కూడా ఆ పాడైన చోటు వదిలేసి, తన దగ్గర అదనంగా ఉంచుకున్న చోటు వాడుకునేది. నాకు తెలిసేది కూడా కాదు. 2007 నాటి ఆ 15 లక్షల డిస్కుల పరిశోధనలో కూడా చదవలేని చోట్లలో సగానికి పైగా బయటపడింది ఇలా స్క్రబ్ చేసినప్పుడే. చదివితే తప్పు వస్తుందని నేను నాలుగు రోజులు భయపడ్డాను. నిజానికి తప్పు పెరిగింది పదిహేడు నెలలు చదవకపోవడం వల్ల.

పాడైన చోటు వదిలేసి మిగతాదంతా కాపీ చేసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ఒకటుంది. దానితో ఆ వీడియో తీశాను. 4 జీబీకి పైగా ఉన్న ఫైల్‌లో పోయింది 4,096 బైట్లు.

శనివారం పొద్దున్నే బస్సెక్కాను. రెండు డిస్కులూ బట్టల్లో చుట్టి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని నరసరావుపేట దాకా కూర్చున్నాను. ఇంటికి వెళ్లగానే నాన్నకి మొత్తం చెప్పేశాను. అప్‌డేట్ అబద్ధం, పాత డిస్కులు చెరిపించడం, డీవీడీలు పారేయించడం, అన్నీ. ఆయన ఏమీ అనలేదు. "ఆ వీడియో పెట్టు" అన్నాడు.

స్టూడియో కంప్యూటర్‌లో పెట్టాను. తలంబ్రాల దగ్గర తెర మీద ఒక్క క్షణం ఆకుపచ్చ గళ్లు గళ్లుగా చెదిరి, మళ్లీ మామూలైంది. పెళ్లికూతురు నవ్వుతూ బియ్యం పోస్తూనే ఉంది.

"ఇంతేనా? దీనికా నాలుగు రోజులు నిద్రపోకుండా ఉంది?" అన్నాడు.

ఇంతే కావడం మా అదృష్టం. ఆ పాడైన చోటు వీడియోలో కాకుండా, ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పట్టికలో ఉండి ఉంటే ఇంకోలా ఉండేది. కొన్ని పాత రెయిడ్ కార్డులైతే రీబిల్డ్ మధ్యలో ఇలాంటి ఒక్క చోటు తగిలినా పని మొత్తం ఆపేస్తాయి. ఇదంతా చెప్పబోతుంటే ఆయన లేచి, అటక మీంచి ఒక రేకు డబ్బా దించాడు.

ఆ డబ్బా నాకు తెలుసు. 2006లో డిజిటల్ కెమెరా కొనేదాకా తీసిన నెగెటివ్‌లు అందులో ఉంటాయి. ఏటా శివరాత్రి అయ్యాక, ఎండలు ముదరకముందు, ఒక ఆదివారం మొత్తం మాకు అదే పని. డబ్బాలన్నీ దించడం, ఒక్కో కవరూ తెరవడం, వెలుతురుకి ఎత్తి చూడడం, మెత్తటి గుడ్డతో తుడవడం, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మార్చడం. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. ఆడుకోనివ్వకుండా కూర్చోబెడతాడని కోపం వచ్చేది. "ఎవరూ అడగని ఫోటోలు ఎందుకు నాన్నా చూడటం?" అని గొణిగేవాణ్ణి.

"అడిగినప్పుడు తెరిస్తే లాభం ఏముందిరా? ఏడాదికోసారన్నా తెరిచి చూడకపోతే లోపల బూజు పట్టిందని ఎలా తెలుస్తుంది?" అనేవాడు. చుక్కలా ఉన్నప్పుడు చూస్తే తుడిస్తే పోతుంది. ముఖం మీదికి పాకాక చూస్తే చేసేదేమీ లేదు.

ఇరవై ఏళ్ల కిందట, కంప్యూటర్ ముట్టుకోని మనిషి నాకు స్క్రబ్ అంటే ఏంటో చెప్పాడు. నేను ఇంజినీరింగ్‌లో మార్కులు తెచ్చుకుని కూడా అది మర్చిపోయాను.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఆ పాత ఏర్పాటు మొత్తం తీసేశాను. రీబిల్డ్ చేయలేదు, కాపీలున్నాయి కనక ఆ అవసరమే లేదు. చదవలేని చోటు వచ్చిన డిస్క్‌ని కూడా పక్కన పెట్టాను. ఒక్క చోటేగా అనిపించవచ్చు. కానీ 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ లక్షకు పైగా డిస్కుల మీద రాసిన పేపర్‌లో, తనిఖీలో మొదటి తప్పు దొరికిన డిస్క్ ఆ తర్వాత 60 రోజుల్లో చచ్చిపోయే అవకాశం మిగతావాటికంటే 39 రెట్లు ఎక్కువ అని ఉంది. షీట్‌లో సున్నాల కంటే ఈ సంఖ్య నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఇప్పుడు నాలుగు డిస్కుల్లో రెండు పోయినా తట్టుకునేలా పెట్టాను. చోటు తగ్గింది, 8 టీబీకి వచ్చింది, మాకు చాలు. జడ్ఎఫ్ఎస్ అనే పద్ధతి వాడుతున్నా. అది ప్రతి ముక్కకీ ఒక గుర్తు రాసిపెట్టుకుని, చదివిన ప్రతిసారీ సరిపోల్చుకుంటుంది. డిస్క్ చేతులెత్తేయడమే కాదు, తెలీకుండా తప్పు ఇచ్చినా పట్టుకుంటుంది. కొత్తవి సర్వర్ల కోసం చేసిన డిస్కులే కొన్నాను, అది ఆ 15వ సున్నా కోసం కాదు. మామూలు డిస్క్ చదవలేని చోటు తగిలితే నిమిషం పైన కూడా అక్కడే తంటాలు పడొచ్చు. లైనక్స్ మామూలుగా 30 సెకన్లే ఎదురు చూస్తుంది. జవాబు రాకపోతే బాగున్న డిస్క్‌ని కూడా పోయిందనుకుని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. సర్వర్ డిస్కులు సాధారణంగా ఏడు సెకన్లలో తేల్చి చెప్పేస్తాయి, మిగతాది పారిటీ చూసుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం కాపీలు. ఎన్ని డిస్కులు పోయినా తట్టుకునే సర్వరైనా, పిడుగు పడితే, దొంగ ఎత్తుకుపోతే, పొరపాటున నేనే డిలీట్ కొడితే ఒక్కటిగానే పోతుంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో అని ఒక సూత్రం ఉంది. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది ఏ కంప్యూటర్ శాస్త్రవేత్తో కాదు, పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్. ఈ మాట చెప్తే నాన్న, "మరి మా వాళ్లకే కదరా తెలిసేది" అన్నాడు. ఆ రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు ఇప్పుడు స్టూడియో బీరువాలో ఉన్నాయి. పండక్కి వెళ్లినప్పుడల్లా కొత్తవి ఎక్కించి, పాతవి తెరుచుకుంటున్నాయో లేదో చూసి వస్తాను. రెండు రకాల సాధనాలు అన్నది మాత్రం ఇంకా కుదరలేదు.

నెలలో మొదటి ఆదివారం రాత్రి సర్వర్ మొత్తం చదువుకుంటుంది. శబ్దం వస్తుంది. రానీ అని తలుపు దగ్గరికి వేసుకుని పడుకుంటున్నా. ఇలా 15 సార్లు అయింది. పారిటీతో కలిపి ఒక్కోసారి 10 టీబీ, మొత్తం 150 టీబీ. షీట్‌ని పట్టుకుని లెక్కేస్తే 12 తప్పులు రావాలి. ఒక్కటీ రాలేదు. అలాగని రాదని కాదు. వస్తే మెయిల్ వస్తుంది, అప్పటికి సరిచేసి కూడా ఉంటుంది.

సోమవారం పొద్దున స్టూడియో తెరిచే వేళకి నాన్న నుంచి ఫోన్ వస్తుంది. ఎర్రర్ రేట్, స్క్రబ్ లాంటి మాటలు ఆయనకి పట్టవు. బాగున్నావా, టిఫిన్ తిన్నావా అన్నాక ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు.

"బూజు చూశావా?"

"చూశాను నాన్నా. ఏం లేదు."

"సరే, పెట్టేస్తున్నా. ఎవరో వచ్చారు."